టూరింగ్ బండి వెనక చక్రానికి కారు టైరు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా విజయనగరం, శ్రీకాకుళం బండ్ల బ్యాచ్‌లో ఏడాదికి రెండుసార్లయినా ఈ గోల లేస్తుంది. ఎవరో ఒకరు రాత్రి పన్నెండింటికి అమెరికా వీడియో చూస్తారు, పన్నెండున్నరకి నాకు మెసేజ్ వస్తుంది. ఒకే జవాబు పదిమందికి విడివిడిగా టైపు చేసి విసుగొచ్చి, అడిగినవన్నీ అడిగిన మాటల్లోనే ఇక్కడ పెట్టేశాను. నేను ఇంజనీర్ని కాను. రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 నడుపుతాను. దానికి కారు టైరు ఎక్కించబోయి మధ్యలో ఆపేశాను. డల్లాస్‌లో మా పెద్దనాన్నగారబ్బాయి గోల్డ్‌వింగ్ అనే పెద్ద హోండా టూరింగ్ బండికి కారు టైరు ఉంటే దాన్ని ఒక రోజంతా నడిపాను. నాకున్న అర్హత అంతే. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకునేలా రాశాను కాబట్టి కొన్ని సంగతులు రెండుసార్లు కనిపిస్తాయి, ఏమనుకోకండి.

## ఆలోచన పుట్టిన కొత్తలో

బైకుకి కారు టైరేంటి గురూ, జోకా?

జోకు కాదు. అమెరికాలో, యూరప్‌లో బరువైన టూరింగ్ బళ్లు నడిపేవాళ్లలో కొంతమంది చాలా ఏళ్లుగా చేస్తున్న పని ఇది. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు డార్క్‌సైడ్. హోండా గోల్డ్‌వింగ్, హోండా వాల్కిరీ, ట్రయంఫ్ రాకెట్ లాంటి బళ్లకి వెనక చక్రం మీద బైకు టైరు తీసేసి కారు టైరు ఎక్కిస్తారు. ముందు చక్రం జోలికి కారు టైరుతో ఎవరూ వెళ్లరు.

ఎందుకు పెడతారు? డబ్బు మిగులుతుందనేనా?

ముఖ్యంగా అదే. గోల్డ్‌వింగ్ లాంటి బండి మీద ఇద్దరు కూర్చుని, మూడు పెట్టెల నిండా సామాను వేసుకుని, రోజుకి ఎనిమిది వందల కిలోమీటర్లు తిన్నగా పోతుంటే వెనక టైరు మధ్యలో చదునుగా అరిగిపోతుంది. అంచులు కొత్తగానే ఉంటాయి, మధ్యలో నున్నగా. పెద్ద టూర్ మధ్యలో టైరు మార్చాల్సి రావడం అక్కడ పెద్ద తలనొప్పి. కారు టైరు రబ్బరు గట్టిది, దాని గాడులు లోతు, పైగా రోడ్డుని తాకే భాగం వెడల్పు, కాబట్టి అరుగుదల చాలా నెమ్మది. దానికి తోడు ధర తక్కువ. కొందరికైతే డబ్బు కూడా కాదు, నలుగురూ వద్దన్నది చేసి చూపించాలన్న సరదా. అలాంటివాళ్లు మన బ్యాచ్‌లోనూ ఉన్నారు, పేర్లు చెప్పను.

గోల్డ్‌వింగ్‌కి కుదిరింది కదా, నా బండికి ఎందుకు కుదరదు?

గోల్డ్‌వింగ్‌కి కుదరడం వెనక నాలుగు సంగతులు కలిసొచ్చాయి. 2001 నుంచి 2017 దాకా వచ్చిన 1800 మోడల్ వెనక టైరు సైజు 180/60 ఆర్16. దాని ఎత్తు లెక్కేస్తే సుమారు 622 మిల్లీమీటర్లు. 195/55 ఆర్16 కారు టైరు ఎత్తు 621. ఒక్క మిల్లీమీటరు తేడా. వెడల్పులో చూస్తే పదిహేను మిల్లీమీటర్లే ఎక్కువ. రెండోది, ఆ బండికి చైన్ లేదు, షాఫ్ట్ డ్రైవ్, అంటే చక్రాన్ని తిప్పేది ఒక ఇనుప కడ్డీ. వెనక చక్రాన్ని ఒకవైపు నుంచే పట్టుకునే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని బండికి కలిపే చెయ్యి). అంటే టైరు కాస్త లావైనా రాసుకోవడానికి చైన్ ఉండదు, రెండో వైపు అడ్డూ ఉండదు. మూడోది రిమ్, 5 అంగుళాల వెడల్పు. నాలుగోది బరువు. ఆ పాత మోడల్ ఒక్క బండే 400 కిలోల పైమాట, మనుషులు, సామాను వేరే. కారు టైరు పక్కగోడ ఆ బరువుకి కాస్తయినా కుంగి పని చేస్తుంది.

మన బళ్లలో ఈ నాలుగూ ఒకచోట దొరకవు. ఎత్తు కుదిరితే వెడల్పు కుదరదు, వెడల్పు కుదిరిందనుకుంటే చైన్ అడ్డం. వీడియోలో వాడి బండికి బాగుందంటే వాడి బండికి బాగుందనే అర్థం.

కారు టైరు పలకగా ఉంటుంది కదా, బండి ఎలా వంగుతుంది మరి?

అసలు ప్రశ్న ఇదే. బైకు టైరుని అడ్డంగా కోసి చూస్తే గుమ్మడికాయ ముక్కలా గుండ్రంగా ఉంటుంది. బండి ఎంత వంగినా రోడ్డుని తాకే చోటు నెమ్మదిగా మధ్య నుంచి అంచుకి జరుగుతుంది తప్ప ఒక్కసారిగా మారదు. కారు టైరు కోత పెట్టెలా ఉంటుంది. బండి వంగగానే ఒక అంచు మీద బరువు పడుతుంది, రెండో అంచు రోడ్డు నుంచి పైకి లేస్తుంది. పక్కగోడ మెత్తగా ఉంటే కాస్త ఒరిగి కొంత ట్రెడ్‌ని, అంటే గాడులున్న భాగాన్ని, రోడ్డు మీద నిలుపుతుంది. దీని మీదే డార్క్‌సైడ్ వాళ్ల బండి నడుస్తుంది.

ఇంకో సంగతి. టైరు తాకే చోటు వంగిన వైపుకి బాగా జరిగిపోవడం వల్ల బండిని మళ్లీ నిటారుగా నిలబెట్టాలని ఒక బలం పుడుతుంది. కాబట్టి మలుపు పొడుగునా హ్యాండిల్‌ని నొక్కి పట్టుకునే ఉండాలి, వదిలితే లేచి నిలబడుతుంది. బైకు టైరుతో అయితే ఒకసారి వంగాక బండి తన దారిన తను పోతుంది. వంగుతుందా అంటే వంగుతుంది. మీరు వంచితేనే వంగుతుంది.

టైర్ల కంపెనీలు ఏమంటాయి?

వద్దంటాయి. బైకు కంపెనీలూ అదే మాట. ఇది వాళ్ల వ్యాపారం కోసం చెప్పే మాట అని కొందరు కొట్టిపారేస్తారు కానీ, రెండు టైర్లూ వేరే పరీక్షలు పాసై వస్తాయి. మన దేశంలో రెండు, మూడు చక్రాల బళ్ల టైర్లకి ఐఎస్ 15627, కార్ల టైర్లకి ఐఎస్ 15633. టైరు పక్కన ఐఎస్ఐ గుర్తు దగ్గర చూడండి, ఆ నంబరు ఉంటుంది. చాలా బైకు టైర్ల మీద సైజు పక్కన ఎం/సి అని కూడా ఉంటుంది, మోటార్‌సైకిల్‌కి అని దాని అర్థం. కారు టైరుని వంచి, ఒక అంచు మీద నడిపి చూసే పరీక్ష అందులో ఉండదు. ఆ పరీక్ష మీరే చేస్తున్నారన్నమాట.

నువ్వు నడిపావు కదా, నిజం చెప్పు, ఎలా ఉంది?

తిన్నటి రోడ్డు మీద చాలా బాగుంది, ఒప్పుకోవాలి. బండి నేలకి అతుక్కున్నట్టు, ఎక్స్‌ప్రెస్ రైలు పట్టా మీద పోతున్నట్టు. వెనక బ్రేకు గట్టిగా తొక్కినా చక్రం జారలేదు. మొదటి గంట నేనూ డార్క్‌సైడ్‌లో చేరిపోదామనుకున్నాను. హైవే దిగి చిన్న రోడ్డెక్కాక మొదలైంది. రోడ్డు ఒకవైపు వాలి ఉంటే బండి దానంతట అది పక్కకి లాగుతుంది. చిన్న మలుపుల్లో చేతులు లాగేశాయి. పార్కింగ్‌లో మెల్లగా తిప్పుతుంటే ఎడ్లబండి మలుపుతున్నట్టు ఉంది. మా అన్నయ్య మాత్రం వారంలో అలవాటైపోతుందన్నాడు. ఆయనకి అలవాటైంది. అక్కడి రోడ్లూ అలాంటివి మరి, గంటసేపు పోయినా మలుపు కనిపించదు.

## కొలతలు చూసుకునేటప్పుడు

టైరు మీద అంకెలు చదవడం రాదు, ఒక్కసారి చెప్పవా?

195/55 ఆర్16 87 హెచ్ అని ఉందనుకోండి. 195 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 55 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 55 శాతం, అంటే 107 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్, లోపలి దారాల అల్లిక రకం. 16 అంటే రిమ్ అంగుళాలు. 87 అంటే మోయగల బరువు, 545 కిలోలు. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వేగం దాకా. మొత్తం ఎత్తు కావాలంటే పక్కగోడని రెండుతో గుణించి, రిమ్ అంగుళాలని 25.4తో గుణించి, రెండూ కలపండి. ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు.

సూపర్ మీటియర్‌కి వెనక 16 అంగుళాలే కదా, ఐ20 టైరు పడుతుందా?

నేను చేయబోయింది సరిగ్గా ఇదే కాబట్టి వివరంగా చెబుతా. కంపెనీ వెనక టైరు 150/80-16. ఎత్తు 646 మిల్లీమీటర్లు. ఐ20, బాలెనో పై మోడళ్లకి వచ్చే 195/55 ఆర్16 ఎత్తు 621. అంటే 25 మిల్లీమీటర్లు తక్కువ, బండి వెనక భాగం పన్నెండున్నర మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. అసలే క్రూయిజర్, స్పీడ్ బ్రేకర్ల మీద కడుపు తగిలే బండి, ఇంకా దించడం ఎందుకు. 195/60 ఆర్16 అయితే ఎత్తు 640, దగ్గరగానే ఉంది. కానీ రెండింటి వెడల్పూ 195. మన టైరు 150. ఒక్కో వైపు 22 మిల్లీమీటర్ల పైన బయటికొస్తుంది, చైన్ వైపు అంత చోటు లేదు. నా బండి దగ్గర స్కేలు పెట్టి చూశాక ఆశ సగం చచ్చింది, మిగతా సగం షాపులో చచ్చింది.

హిమాలయన్, క్లాసిక్, డామినార్ సంగతేంటి?

హిమాలయన్ 450 వెనక 140/80-17. డామినార్ 400 వెనక 150/60-17. మన కార్లకి వచ్చే 17 అంగుళాల టైర్లు చాలావరకు 205, 215 వెడల్పువి. క్రెటా టైరు 215/60 ఆర్17 తెచ్చి హిమాలయన్ టైరు పక్కన నిలబెట్టి చూడండి, మేకపిల్ల పక్కన ఏనుగులా ఉంటుంది. క్లాసిక్ 18 అంగుళాలు, ఆ సైజులో కారు టైర్లంటే ఇంకా లావువి. కుదరదు.

నాది పాత అవెంజర్, వెనక 15 అంగుళాలు. స్విఫ్ట్ టైరు వేస్తే?

వద్దు. 130/90-15 ఎక్కే సన్న స్పోక్ రిమ్ మీద 185 టైరు ఎక్కిస్తే రెండు బీడ్లూ (రిమ్ మీద కూర్చునే, లోపల తీగ ఉన్న టైరు అంచులు) దగ్గరికి నొక్కుకుపోయి టైరు బుడగలా ఉబ్బుతుంది, నడుస్తుంటే అటూ ఇటూ ఊగుతుంది.

రిమ్ వెడల్పు ఎంత ఉండాలి?

195/55 ఆర్16 కారు టైరుకి 5.5 నుంచి 7 అంగుళాల రిమ్ ఉండాలి. 215/60 ఆర్16కి 6 నుంచి 7.5. గోల్డ్‌వింగ్ రిమ్ 5 అంగుళాలు, అంటే అక్కడ కూడా లెక్క ప్రకారం అర అంగుళం తక్కువే, వాళ్లు తెలిసే చేస్తున్నారు. మీ రిమ్ లోపల వైపు సైజు పోతపోసి ఉంటుంది, ఎంటీ అనే అక్షరాల పక్కన అంకె చూడండి. మూడు, మూడున్నర అని ఉంటే ఇక ఈ ఆలోచన అక్కడే ఆపేయొచ్చు.

స్వింగ్ ఆర్మ్‌కీ టైరుకీ మధ్య ఎంత ఖాళీ ఉండాలి?

ఆగి ఉన్నప్పుడు వేలు దూరుతోందంటే సరిపోదు. వేగంలో టైరు కాస్త పెరుగుతుంది, మలుపులో పక్కకి ఒరుగుతుంది, కారు టైరు పక్కగోడ ఇంకా ఎక్కువ ఒరుగుతుంది, గుంతలో పడితే కిందా పైనా కదులుతుంది. చైన్, చైన్ కవరు, మడ్‌గార్డు లోపలి బోల్టులు, బ్రేకు గొట్టం, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసేది) వైరు అన్నీ చూడాలి. అన్నిటికంటే ప్రమాదం ఆ చిన్న బోల్టు తల. ఎవరూ దాన్ని చూడరు, అది టైరుని కత్తిలా కోసుకుంటూ పోతుంది.

వెల్డింగ్ షాపులో స్వింగ్ ఆర్మ్ వెడల్పు చేయిస్తే సరిపోదా?

దండం పెడతాను, ఆ పని చేయకండి. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే చేతికి పని బాగా వచ్చి ఉండొచ్చు, కాదనను. కానీ స్వింగ్ ఆర్మ్ వెనక చక్రాన్ని ముందు చక్రంతో ఒకే గీత మీద ఉంచే భాగం. రెండు మిల్లీమీటర్లు వంకర పోతే చైన్ స్ప్రాకెట్‌ని (చైన్ తిరిగే పళ్ల చక్రాన్ని) తినేస్తుంది, బండి ఎప్పుడూ ఒకవైపుకి లాగుతుంది. అతుకు విడిపోతే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. స్పేసర్లు పెట్టి స్ప్రాకెట్‌ని బయటికి జరిపే పని కూడా ఈ బాపతే.

కారు టైరు 545 కిలోలు మోస్తుందంటున్నావు, అంటే ఇంకా స్ట్రాంగే కదా?

మోతలో బలమైందే. అయితే ఆ బలం నిలువునా పడే బరువుకి. ఒక అంచు మీద వాలి, పక్కకి నెట్టే బలానికి కాదు. పైగా కారు టైరు తన మీద కారంత బరువు పడితేనే సరిగ్గా కూర్చుని, వేడెక్కి, పట్టునిచ్చేలా తయారవుతుంది. మన 650 బండి మొత్తం బరువు 241 కిలోలు, అందులో వెనక చక్రానికి వచ్చేది సుమారు సగం, దాని మీద మనిషి. ఇంత తేలిక బరువుకి ఆ గట్టి రబ్బరు చలికాలం పొద్దున్నే వేడెక్కదు కూడా.

## టైర్ల షాపు దగ్గర

ఏ షాపులోనైనా ఎక్కిస్తారా?

చాలామంది ఒప్పుకోరు, ఒప్పుకోనివాళ్లే మంచివాళ్లు. బైకు రిమ్‌కీ కారు రిమ్‌కీ బీడ్ కూర్చునే గట్టు ఆకారం తేడా. కారు టైరు బీడ్ దాని రిమ్‌కి తగ్గట్టు తయారవుతుంది. పైకి రెండూ 16 అంగుళాలే, లోపల జోడీ కుదరదు. పంక్చర్ షాపు కుర్రాడికి ఈ తేడా తెలియాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు, ఆ కుర్రాడిది తప్పేమీ లేదు.

బీడ్ కూర్చోవట్లేదు అన్నా, 60 గాలి కొట్టమంటావా?

వద్దు, వద్దు, వద్దు. నాకు జరిగింది చెబుతాను. ఒక స్నేహితుడి కారుకి తీసేసిన, ఇంకా సగం బతికున్న టైరు పట్టుకుని ఒక షాపుకి వెళ్లాను. చైన్ తగులుతుందని తెలిసినా, రిమ్‌కి అసలు ఎక్కుతుందో లేదో చూద్దామన్న పిచ్చి. సబ్బు నీళ్లు పూశాం, గాలి పెట్టాం. ఒకవైపు టప్‌మని కూర్చుంది. రెండో వైపు ఒక జానెడు మేర కూర్చోలేదు. 40 పీఎస్‌ఐ దాటింది. షాపతను ఇంకో ఇరవై కొడితే కూర్చుంటుంది సార్, లారీవి ఇలాగే చేస్తాం అన్నాడు, టైరు మీదకి వంగి మరీ. నేను గొట్టం పీకేశాను. కారు టైర్ల పక్కనే రాసి ఉంటుంది, బీడ్ కూర్చోబెట్టడానికి 40 పీఎస్‌ఐ దాటొద్దని. బీడ్ తీగ తెగితే టైరు పేలినట్టే, దాని మీదకి వంగిన మనిషి మొహం, చేతులు మిగలవు. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పలేదు. ఇది చదివాక తెలుస్తుంది.

లోపల ట్యూబ్ వేసేస్తే బీడ్ గొడవ ఉండదుగా?

గాలి నిలుస్తుంది, గొడవ పోదు. బీడ్ సరిగ్గా కూర్చోకపోతే రిమ్ మీద టైరు జారుతుంది, టైరుతో పాటు ట్యూబ్ జారుతుంది, వాల్వ్ మొదట్లో చిరుగుతుంది. ట్యూబ్‌లెస్ అయితే మేకు దిగినా గాలి మెల్లగా పోతుంది, ట్యూబ్ అలా కాదు, ఒక్కసారిగా పోతుంది.

రన్‌ఫ్లాట్ అంటారు కదా, అదెందుకు?

గోల్డ్‌వింగ్ వాళ్లలో చాలామంది రన్‌ఫ్లాట్ కారు టైరే వేస్తారు. దాని పక్కగోడ చాలా గట్టిది, గాలి పోయినా కొంత దూరం బరువు మోస్తుంది. మలుపులో పక్కగోడ కుంగిపోదన్న ధీమా కూడా ఉంటుంది. మన దగ్గర ఖరీదైన కార్లకే వస్తాయి, ధర చూస్తే కారు టైరు చవక అన్న మొదటి కారణమే ఎగిరిపోతుంది.

గాలి ఎంత పెట్టాలి?

దీనికి ఒక అంకె చెప్పేవాళ్లని నమ్మకండి. డార్క్‌సైడ్ వాళ్లు ఎవరికి వాళ్లు ప్రయోగం చేసి పట్టుకుంటారు. ఎక్కువ పెడితే మధ్యలో ఉబ్బి పట్టు తగ్గుతుంది, మలుపులో పక్కగోడ ఒరగదు. తక్కువ పెడితే బండి ఈత కొడుతున్నట్టు ఊగుతుంది, టైరు వేడెక్కుతుంది.

## రోడ్డెక్కాక

సాలూరు ఘాట్, అరకు ఘాట్‌లో నడుస్తుందా?

నడిపితే నడుస్తుంది, కానీ కారు టైరుకి ఇంతకంటే చెడ్డ చోటు లేదు. ఎస్.కోట దాటి అనంతగిరి వైపు ఎక్కుతుంటే మలుపు మీద మలుపు, ఎడమ నుంచి కుడికి క్షణంలో బండి మార్చాలి. గుండ్రటి టైరు అయితే బండి ఒక్క ఊపులో దొర్లుతుంది. పలక టైరుతో ఒక అంచు నుంచి రెండో అంచుకి ఎత్తి పడేయాలి, మధ్యలో ఒక క్షణం బండి నిటారుగా మొండికేస్తుంది. ఆ క్షణంలో ఎదురుగా బస్సు వస్తే? సాలూరు నుంచి సుంకి ఎక్కే దారిలో రాయ్‌పూర్ లారీల బరువుకి తారు మీద చాళ్లు పడి ఉంటాయి. కారు టైరు అంచు ఆ చాలు గోడని పట్టుకుంటే బండి మీ మాట వినదు, చాలు మాట వింటుంది. మన జిల్లాల్లో బండి వేసుకుని ఎవరైనా సరదాగా పోయేది ఈ రెండు ఘాట్లకే, సరదా ఉన్న చోటే ఈ టైరు పనికిరాదు.

ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా హైవే తిన్నగానే ఉంటుందిగా, దానికి బాగుంటుందిగా?

ఎన్‌హెచ్ 16 మీద బాగానే ఉంటుంది. కానీ హైవే మీదే ఇల్లు ఉండదు కదా. నరసన్నపేట దగ్గర దిగి ఊళ్లోకి పోవాలి, కళింగపట్నం బీచ్ రోడ్డు చూడాలి, బారువ పోవాలి. తారు అంచుకీ మట్టికీ మధ్య నాలుగు అంగుళాల దిగుడు ఉన్న సింగిల్ రోడ్డు మీద ఎదురు బస్సుకి దారిచ్చి, మళ్లీ పైకెక్కాలి. గుండ్రటి టైరు ఆ అంచుని ఏటవాలుగా ఎక్కేస్తుంది. పలక టైరు భుజం అంచుకి ఆనుకుని రాసుకుంటూ పోతుంది, ఎక్కనంటుంది, తర్వాత ఒక్కసారిగా ఎక్కుతుంది.

కారు టైరుకి గాడులు లోతు కదా, వానలో ఇంకా మంచిది కదా?

సగం నిజం. మామూలు తడి రోడ్డు మీద తిన్నగా బ్రేకు వేస్తే పట్టు బాగుంటుంది. నీళ్లు నిలిచిన చోట మాత్రం వేరే కథ. గుండ్రటి సన్న టైరు పడవ ముక్కులా నీళ్లని రెండు వైపులకీ చీల్చుకుని పోతుంది. వెడల్పు పలక టైరు నీళ్ల మీద తేలడానికి ఎక్కువ మొగ్గు చూపుతుంది, అందులోనూ తేలిక బండి అయితే. తుపాను వానలకి మన సర్వీసు రోడ్ల మీద మోకాలి లోతు నీళ్లు ఎన్నిసార్లు చూడలేదు.

కోతల టైములో రోడ్డు మీద ధాన్యం, చోళ్లు పరుస్తారు కదా, అప్పుడు?

ఏ టైరైనా జారుతుంది. గింజలు గోళీల్లా పని చేస్తాయి, ఉలవ కట్టలు, గడ్డి అయితే ఇంకా నున్నన. వెడల్పు టైరు ఎక్కువ గింజల మీదకి ఎక్కుతుంది తప్ప లాభమేమీ లేదు. మెల్లగా, తిన్నగా, బ్రేకు ముట్టుకోకుండా పోవడమే. తొక్కేసి పోతే అక్కడ కాపలా ఉన్న ముసలమ్మ తిట్లు అదనం.

స్పీడోమీటర్, ఏబీఎస్ పాడవుతాయా?

పాడవవు, లెక్క తప్పుతాయి. టైరు ఎత్తు 646 నుంచి 621కి తగ్గితే చక్రం నాలుగు శాతం ఎక్కువ తిరగాలి. వెనక చక్రం నుంచి వేగం తీసుకునే బండిలో మీటరు 100 చూపిస్తే మీరు పోయేది 96. ఏబీఎస్, చక్రం ఊరికే గిర్రున తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ముందు, వెనక చక్రాల వేగాలు పోల్చి చూస్తాయి, ఆ పోలిక కంపెనీ టైరు సైజుకి తగ్గట్టు అమర్చి ఉంటుంది. బరువైన టైరు వల్ల మైలేజ్ కూడా కాస్త పడిపోతుంది.

పలాస దగ్గర రాత్రిపూట పంక్చరైతే?

ట్యూబ్‌లెస్‌గా నిలబడి ఉంటే మేకు తీసి స్ట్రిప్ పెట్టడం మామూలే. టైరు విప్పాల్సి వస్తేనే చిక్కు. బైకు రిమ్ మీద బిగుసుకున్న కారు బీడ్‌ని పట్టీలతో విప్పబోతే అల్లాయ్ గీసుకుపోతుంది, ఒక్కోసారి పగుల్తుంది. జీడిపప్పు కొనుక్కుని తెల్లారేదాకా కూర్చోవాల్సిందే.

మా ఆవిడని వెనక ఎక్కించుకోవచ్చా?

మీ ప్రయోగం మీ ప్రాణంతో చేసుకోండి.

## చలానాలు, ఇన్సూరెన్స్

పోలీసులు పట్టుకుంటారా?

రోడ్డు మీద హెల్మెట్, సైలెన్సర్ చూస్తారు గానీ టైరు వైపు వంగి చూసే కానిస్టేబుల్ నాకు ఇంతవరకు తగల్లేదు. అలాగని చట్టం ఊరుకోదు. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చొద్దంటుంది. 2019 సవరణలో వచ్చిన 182ఎ(4) ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అదే ఏడాది జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ నిర్దేశాలకి విరుద్ధంగా బండి మార్చడం కుదరదని తేల్చింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండిని దగ్గరగా చూసేది ప్రమాదం జరిగాకే, అప్పుడు ఆయన రిపోర్టులో మొదటి వాక్యం మీ టైరు మీదే ఉంటుంది.

ఇన్సూరెన్స్ వస్తుందా?

బండి డ్యామేజీ క్లెయిమ్‌కి సర్వేయర్ వచ్చి ఫోటోలు తీస్తాడు. కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు, అదీ ప్రమాదానికి కారణమని వాదించడానికి వీలైన మార్పు కనిపిస్తే క్లెయిమ్ ఆపడానికి వాళ్లకి మీరే కారణం చేతికిచ్చినట్టు. ముందే చెబుదామంటే ఈ మార్పుకి ఒప్పుకునే కంపెనీ నాకైతే దొరకలేదు. బండి వారంటీలో ఉంటే స్వింగ్ ఆర్మ్, బేరింగ్, చైన్ గురించి షోరూముకి వెళ్లి మాట్లాడే మొహం కూడా ఉండదు.

## వద్దనుకున్నాక

సరే వద్దులే, మరి వెనక టైరు ఎక్కువ కాలం రావాలంటే?

ముందు గాలి. వారానికోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు, మీ సొంత గేజ్‌తో చూడండి. బంకులో గేజ్ ఒకటి చెబుతుంది, పక్క బంకులో ఇంకోటి. ఇద్దరు, సామాను ఉంటే మాన్యువల్‌లో ఇద్దరికి రాసిన అంకె పెట్టండి, చాలామంది ఒక్కరికి రాసిందే ఏడాది పొడుగునా ఉంచేస్తారు. టైరు కొనేటప్పుడు షాపతను చూపించిందల్లా కొనకుండా టూరింగ్ రకం అడగండి. కొన్ని కంపెనీలు మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్త రబ్బరు వేసి ఇస్తాయి, కారు టైరు వాళ్లు కోరుకునే మన్నిక చాలావరకు అందులోనే ఉంది. టైరు పక్కగోడ మీద ఉండే నాలుగంకెల తయారీ తేదీ చూడండి, 3524 అంటే 2024లో 35వ వారం. చైన్ మరీ బిగుతుగా ఉంచకండి. ఇక సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ తిప్పే తీరు గురించి నేను చెప్పను, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మీరందరూ ఎలా బయల్దేరతారో చూస్తూనే ఉన్నాను.

అరిగిన టైరుకి రీబటన్ (పైన కొత్త రబ్బరు) వేయిస్తే? లారీలకి వేస్తారుగా.

లారీకి ఒక టైరు ఊడితే పక్కన ఇంకోటి ఉంటుంది. మనకి వెనక ఉన్నది ఒక్కటే.

ముందు చక్రానికి బైకు వెనక టైరు తిరగేసి వేస్తారట, నిజమా?

నిజమే, గోల్డ్‌వింగ్ వాళ్లలో కొందరు వేస్తారు. బ్రేకు బలం ముందు చక్రం మీద వెనక్కి పనిచేస్తుంది కాబట్టి బాణం గుర్తు తిరగేసి వేస్తారు. మనకి సైజులు కుదరవు, అవసరమూ లేదు.

సైడ్‌కార్ తగిలిస్తే కారు టైరు వేయొచ్చా?

సాంకేతికంగా అక్కడే దీనికి న్యాయం జరుగుతుంది. సైడ్‌కార్ ఉన్న బండి వంగదు, మలుపులో కూడా నిటారుగానే ఉంటుంది, అంచు మీద నడిచే గొడవే లేదు. యూరప్‌లో సైడ్‌కార్ బళ్లకి కారు టైర్లు వేయడం మామూలు సంగతి, మూడు చక్రాల గోల్డ్‌వింగ్ ట్రైకులకీ వెనక కారు టైర్లే ఉంటాయి. కాకపోతే మన దగ్గర సైడ్‌కార్ తగిలించాలంటే ఆర్టీఓ ఆఫీసు అనుమతి దగ్గర మొదలెట్టాలి.

ఇంతకీ ఆ ఐ20 టైరు ఏం చేశావన్నా?

ఊళ్లో మామిడిచెట్టుకి కట్టాం. మా అక్క కూతురు ఊగుతోంది. ట్రెడ్ ఇంకా అయిదు మిల్లీమీటర్లు ఉంది.